ఏడవనిచ్చే బొమ్మలు

పసిపిల్లల బెంగను, భయాన్ని, కోపాన్ని పట్టి చూపించడం బొమ్మల సినిమాకు చేతనైనట్టు మరే కళకూ చేతకాదని నా గట్టి నమ్మకం. ఆ విద్యలో పెద్దపీట ఎవరికయ్యా అంటే జపాన్ దర్శకుడు హయావో మియజాకీకే. 1988లో ఆయన తీసిన 'మై నైబర్ టొటోరో' ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

కథ చిన్నదే. అమ్మ ఆస్పత్రిలో ఉంది. నాన్న ఇద్దరాడపిల్లలతో పల్లెలో ఒక పాతింటికి చేరతాడు. పెద్దపిల్ల సత్సుకి పొద్దున్నే లేచి అందరికీ క్యారియర్లు కడుతుంది, చెల్లెలు మేయిని సముదాయిస్తుంది, నవ్వుతూనే తిరుగుతుంది. సినిమా చాలాభాగం అలాగే నడుస్తుంది. ఇంతలో ఆస్పత్రి నుంచి తంతి వస్తుంది. పొరుగింటి అవ్వ ఓదార్చబోతే, అమ్మ చచ్చిపోతే ఎట్లా అని ఆ పిల్ల భోరుమంటుంది. అక్క ఏడవడం మేయి చూస్తుంది. ఆ తర్వాత అమ్మకిద్దామని మొక్కజొన్న కంకిని గుండెలకు హత్తుకుని ఒంటరిగా ఆస్పత్రి దారి పడుతుంది. అక్కడ ఎవరూ దేన్నీ వివరించరు. చూసే నాలుగేళ్ల బిడ్డకు మాత్రం అంతా అర్థమవుతుంది. పెద్దపిల్ల కన్నీటిని అంతసేపు దాచి ఉంచడంలోనే ఉంది పనితనమంతా. మియజాకీ తల్లి వెన్నెముక క్షయతో ఏళ్ల తరబడి మంచం పట్టిన మనిషి. ఆ బెంగ ఆయనకు ఇంట్లోనే తెలుసు.

కంప్యూటర్ బొమ్మలకన్నా చేత్తో గీసిన బొమ్మల మీదే నాకు మక్కువ, దాచను. అయినా దర్శకుడు పీట్ డాక్టర్‌కు దండం పెట్టాల్సిందే. కూతురు పదకొండేళ్లకు ముభావంగా మారిపోతే, ఆ పిల్ల తలలో ఏం జరుగుతోందా అని మొదలైన ఆలోచనే 2015 నాటి 'ఇన్‌సైడ్ అవుట్'. అందులో తలలోని భావాలే పాత్రలు. మొదట సంతోషానికి జోడీగా భయాన్ని పెట్టుకున్నాడట. ఏళ్లు పనిచేశాక అది కుదరలేదని తేల్చుకుని, భయాన్ని తప్పించి దుఃఖాన్ని తెచ్చాడు. అంత పని చేతులారా పక్కన పడేయడానికి ఎంత గుండె కావాలి! బింగ్ బాంగ్ అనే ఊహల నేస్తం తన బండి పోయి కుప్పకూలినప్పుడు సంతోషం గిలిగింతలు పెడుతుంది, వింత ముఖాలు పెడుతుంది. ఏదీ పారదు. దుఃఖం వచ్చి పక్కన కూర్చుని, నీకది చాలా ఇష్టం కదా అన్నట్టు మాట్లాడుతుంది. వాడు ఏడుస్తాడు, ఏడ్చి లేస్తాడు. ఆ కాసేపట్లో పిల్లలకూ పెద్దలకూ పాఠం ఉంది.

ఈ విద్య మనకు కొత్తా? ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలు గీకి, వెలుగు దూరేంత పలచన చేసి, రంగులద్ది, ఆ తోలుబొమ్మలను తెర వెనక ఆడించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటలో యుద్ధం వచ్చినప్పుడు పలకల మీద కాళ్లతో దడదడ తొక్కుతుంటే పిల్లలు బిక్కచచ్చిపోతారు. ఆ వెంటనే హాస్యపు బొమ్మలు జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి కడుపుబ్బ నవ్విస్తారు. భయపెట్టి, ఊపిరి తీసుకోనిచ్చి, మళ్లీ కథలోకి లాక్కెళ్లే ఆ తూకం మన తాతల సొత్తు.

ఇప్పుడు ఫోన్లలో పారుతున్న సరుకును చూడండి. అన్నిటిలో ఒకటే ముఖం, ఒకటే గుండ్రటి కళ్లు, రెప్ప వేసేలోపు మారిపోయే బొమ్మ. బిడ్డ పడతాడు, కట్టు కడతారు, పాట మొదలు. బిడ్డ ఏడుస్తాడు, చాక్లెట్ వస్తుంది, పాట మొదలు. ఏడుపుకు ఒక్క క్షణం చోటివ్వరు. ఇదా పిల్లల సినిమా? మనమేమో బిడ్డ గుక్కపెట్టగానే ఆ ఫోనే చేతికిచ్చి హమ్మయ్య అనుకుంటున్నాం. మంచి సినిమా పెట్టి పక్కన కూర్చోండి, అందులోని పిల్ల ఎందుకేడ్చిందని బిడ్డనే అడగండి. రెండు మాటలు చాలు.

మా కోలారు సీమకు ఈ సినిమాల అవసరం ఎక్కువే. 2001 ఫిబ్రవరి 28న కేజీఎఫ్ బంగారు గనులు మూతపడ్డాక, మారికుప్పంలో చీకటితో రైలెక్కి బెంగళూరు పనికెళ్లే అమ్మానాన్నలు ఎందరో. బిడ్డ కళ్లు తెరిచేసరికి ఇంట్లో అవ్వే ఉంటుంది. సుగటూరు వైపు పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. వాళ్ల బెంగ వాళ్ల మాటలోనే పలికే బొమ్మల సినిమా నాకు ఇంతవరకు తగల్లేదు.

బెంగళూరు యానిమేషన్ స్టూడియోలలో పనిచేసే మన పిల్లలకు నా మనవి. పది నిమిషాల సినిమా తీయండి. పొద్దున్నే అమ్మ రైలెక్కేసింది, బిడ్డ లేచింది, అంతే కథ. మన యాసలో మాట్లాడించండి, ఆ బిడ్డను తొందరపెట్టకండి, ఏడవాలంటే ఏడవనివ్వండి. బొమ్మలు గీయడానికి నిమ్మలకుంట వాళ్లను పిలవండి. వాళ్ల పేర్లు తెర మీద వేయండి, కూలి ముందే ఇవ్వండి.