ల్యాప్‌టాప్‌లో రెండో ఫ్యాన్: కరెంటు ఎక్కడి నుంచి?

ల్యాప్‌టాప్‌లో అదనంగా అమర్చే చిన్న ఫ్యాన్‌కు సాధారణంగా 5 వోల్టుల డీసీ కరెంటు కావాలి. ఎన్ని ఆంపియర్లు లాగుతుందో దాని లేబుల్ మీదే రాసి ఉంటుంది. 0.3 ఆంపియర్ల ఫ్యాన్ అయితే ఒకటిన్నర వాట్లు. ఆ కాస్త కరెంటును ఎక్కడి నుంచి తీసుకుంటున్నారన్నదాని మీదే యంత్రం క్షేమం ఆధారపడి ఉంటుంది.

ఫ్యాన్ గాలిని చల్లబరచదు, వేడిని గది గాలిలోకి చేరవేస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం వేసవి ఉక్కపోతలో మనిషికి ఫ్యాన్ కింద హాయిగా ఉండేది చెమట ఆరడం వల్ల. చిప్‌కు చెమట పట్టదు. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల దాపుకు వస్తే వేగం తగ్గించుకుంటాయి. గదిలో 25 డిగ్రీలుంటే మధ్యన 75 డిగ్రీల వెసులుబాటు ఉంటుంది, 40 ఉంటే 60 మాత్రమే. అంటే అవే భాగాలు అయిదో వంతు తక్కువ వేడిని బయటకు పంపగలుగుతాయి. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో ల్యాప్‌టాప్ మీదే చదువుకునే విద్యార్థికి ఆ అయిదో వంతు చిన్న నష్టం కాదు.

అయినా మొదటి పని శుభ్రం చేయడమే. నెల్లిమర్ల వంటి జనపనార మిల్లుల ఊళ్లలో గాలిలోని పీచు, రోడ్డు దుమ్ము హీట్‌సింక్ రేకుల మధ్య పేరుకుంటాయి. వాటిని తీసి, ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్చాక కూడా వేడి తగ్గకపోతేనే రెండో ఫ్యాన్ ఆలోచన చేయాలి.

కరెంటుకు తోవలు నాలుగు. మొదటిది, పాత ఫ్యాన్ కనెక్టరుకే రెండోదాన్నీ కలపడం. దాన్ని నడిపే సర్క్యూట్ ఒక్క ఫ్యాన్ బరువుకే తయారై ఉండవచ్చు. రెండు ఫ్యాన్ల వేగం తీగలు కలిస్తే మదర్‌బోర్డుకు తప్పు లెక్క అందుతుంది. ఈ తోవ వద్దు.

రెండోది, బ్యాటరీ. లిథియం సెల్ నుంచి విడిగా తీగ లాగితే సెల్‌ల సమతూకం చెడుతుంది, షార్ట్ అయితే మంటలు రేగుతాయి. ఇది అసలే కూడదు.

మూడోది, యూఎస్‌బీ పోర్టు. యూఎస్‌బీ 2.0 పోర్టు 0.5 ఆంపియర్లు, 3.0 పోర్టు 0.9 ఆంపియర్లు ఇస్తాయి కాబట్టి చిన్న ఫ్యాన్‌కు చాలు. లోపలి టంకం కాళ్లలో 5 వోల్టులది, గ్రౌండుది మల్టీమీటరుతో పోల్చుకుని, మధ్యలో చిన్న ఫ్యూజు వేసి, తీగలు కలపాలి. ల్యాప్‌టాప్ ఆపినా కరెంటు వచ్చే పోర్టును ఎంచుకోకూడదు. ఆ పోర్టులో మరే పరికరమూ పెట్టకూడదు.

నాలుగోది, ఛార్జరు నుంచి వచ్చే 19 వోల్టులు. దీన్ని 7805 రెగ్యులేటరుతో 5కు దించితే, 0.3 ఆంపియర్ల వద్ద 4.2 వాట్లు లోపలే వేడిగా మారతాయి. చల్లబరచడానికి పెట్టిన ఏర్పాటే వేడెక్కిస్తుంది. దాని బదులు బక్ కన్వర్టరు వాడితే ఆ నష్టం పావు వాటు చుట్టుపక్కలే. ఫ్యాన్ కలపకముందే దాని అవుట్‌పుట్‌ను 5 వోల్టులకు సరిచేయాలి. వేడెక్కితేనే కలిసే థర్మల్ స్విచ్ వేస్తే ఫ్యాన్ ఊరికే తిరగదు.

ఛార్జరు మీద నడిచే ఫ్యాన్ బ్యాటరీని తినదు. కరెంటు పోయినప్పుడు ఇది ముఖ్యం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. అలాంటప్పుడు ప్రతి వాటూ లెక్కే. 15 వాట్లు తినే యంత్రం 45 వాట్-గంటల బ్యాటరీతో మూడు గంటలు నడుస్తుంది. ఫ్యాన్ కూడా బ్యాటరీ మీదే తిరిగితే దాదాపు పదహారు నిమిషాలు తగ్గుతుంది.

విప్పేముందు ఛార్జరు తీసి, బ్యాటరీ కనెక్టరు ఊడదీయాలి. సముద్రపు ఉప్పుగాలికి విడి టంకం త్వరగా పాడవుతుంది కనుక ప్రతి అతుకునూ ఇన్సులేషన్‌తో కప్పాలి. రెండో ఫ్యాన్ గాలి పాత ఫ్యాన్ గాలి దారిలోనే సాగాలి, ఎదురు కాకూడదు. చివరగా ఒకే పని, ఒకే గది, ఒకే వ్యవధిలో ఫ్యాన్‌తోనూ, లేకుండానూ ఉష్ణోగ్రత చూడాలి. తేడా కనబడకపోతే దాన్ని తీసేయడమే మేలు.