పాతూరిని కాపాడిన కొత్త నగరం

చైనాలోని సూజౌ చూసినవాళ్ల రాతలు తరచూ ఒకే దారిన నడుస్తాయి. జిన్‌జీ సరస్సు ఒడ్డున అద్దాల మేడలకు ఆశ్చర్యపడతారు, పింగ్‌జియాంగ్ వీధిలో కాలువ వెంట నడిచి సేదతీరతారు, అసలైన చైనా ఈ పాతూరిలోనే ఉందని తేల్చేస్తారు. ఈ తీర్పు నాకు సమ్మతం కాదు. ఆ మేడలు అక్కడ లేవకపోతే ఈ వీధి ఇక్కడ మిగిలేది కాదు. 1229లో రాతిపలక మీద చెక్కిన నగర పటం ఇప్పటికీ సూజౌలో ఉంది. వీధి పక్కనే కాలువ సాగే ఆ అల్లికను పాతనగరంలో నేటికీ పోల్చుకోవచ్చు. అయితే అది దానంతటది నిలవలేదు. 1950ల్లో కోటగోడను చాలావరకు కూల్చారు, కొన్ని కాలువలు పూడ్చారు. ఆర్థిక సంస్కరణల తర్వాత ఫ్యాక్టరీలు, జనం, డబ్బు ముంచుకొచ్చినప్పుడు ఆ ఒత్తిడికి వేరే చోటు చూపక తప్పలేదు. పాతనగరాన్ని కాపాడి కొత్తదాన్ని బయట కట్టాలని 1986 ప్రణాళిక నిర్ణయించింది. 1994లో సింగపూర్ భాగస్వామ్యంతో తూర్పున ఇండస్ట్రియల్ పార్కు మొదలైంది. అక్కడ సుమారు 300 మీటర్ల ద్వారం ఆకారపు మేడ లేచింది. పాతనగరంలో మాత్రం ఎత్తుకు 24 మీటర్ల హద్దు. వాస్తుశిల్పి ఐ.ఎం. పెయ్ పూర్వీకులది ఈ ఊరే. ఆయన రూపొందించగా 2006లో తెరిచిన మ్యూజియం కూడా తెల్లగోడలతో చుట్టుపక్కల ఇళ్ల ఎత్తుకు ఒదిగింది.

కాపాడింది ఊరినా, ఊరి బొమ్మనా అని అడిగేవాళ్లున్నారు. దగ్గర్లోని కాలువల ఊరు జౌజ్వాంగ్‌ను చూస్తే ఆ అనుమానం సబబే. 1980ల్లో ప్రొఫెసర్ రువాన్ యీసాన్ దానికి సంరక్షణ ప్రణాళిక వేశారు. చిత్రకారుడు చెన్ యీఫెయ్ గీసిన జంటవంతెనల చిత్రం ఆ ఊరికి పేరు తెచ్చింది. ఇప్పుడు టికెట్ కొని లోపలికి వెళ్లాలి, వీధి పొడుగునా దుకాణాలే. టికెట్ రాళ్లను నిలుపుతుంది, కాపురాలను నిలపదు. కానీ ఆ తప్పు కొత్తనగరాన్ని విడిగా కట్టడంలో లేదు, పాత ఇళ్లలో జనం బతికే వీలు చూడకపోవడంలో ఉంది. పింగ్‌జియాంగ్ వెనక సందుల్లో ఇంకా బట్టలు ఆరేస్తున్నారు, పొయ్యి వెలుగుతోంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టే అభ్యంతరం వేరు: ఇండస్ట్రియల్ పార్కు లేచింది పొలాల మీద, చేపల చెరువుల మీద. పాతనగరం నిలవడానికి మూల్యం చెల్లించినవాళ్లలో ఆ రైతులూ ఉన్నారు, యాత్రికుల రాతల్లో వాళ్లెక్కడా కనిపించరు. ఇది మనకు దూరపు సంగతి కాదు. మన అమరావతికి తొలి మాస్టర్ ప్లాన్ వేసిందీ సింగపూర్ వాళ్లే, భూమి ఇచ్చిందీ రైతులే. రాజధానికి తన పేరిచ్చిన, స్తూపమున్న పాత అమరావతికి ఎత్తు హద్దు ఎంతో, అక్కడి ఇళ్లకు భరోసా ఏమిటో ఇప్పుడే రాసి పెట్టాలి.