గీసిన బొమ్మ పక్కన నిజం మనిషి: 'మేరీ పాపిన్స్' చిత్ర పరిశీలన

పరిచయం

నటులు కెమెరా ముందు నటించిన దృశ్యాన్నీ, చిత్రకారులు గీసిన బొమ్మల కదలికనూ ఒకే తెరపై కలిపే సినిమాను మిశ్రమ చిత్రం అనుకుందాం. అలాంటి బాలల చిత్రాల్లో పేరెన్నికగన్నది 1964లో వాల్ట్ డిస్నీ నిర్మించిన 'మేరీ పాపిన్స్'. దర్శకుడు రాబర్ట్ స్టీవెన్‌సన్. మొదటి పుస్తకం 1934లో వెలువడిన పి.ఎల్. ట్రావర్స్ రచనలు దీనికి ఆధారం. మనందరికీ తెలిసిన 'మాయాబజార్' (1957)ను పక్కన పెట్టుకుని దీన్ని పరిశీలిద్దాం.

నేనుండే నార్సింగిలో మా వీధి కుర్రవాడొకడు గ్రాఫిక్స్ స్టూడియోలో రాత్రి షిఫ్టు చేస్తాడు. నటుడి ఆకారాన్ని అంచు వెంబడి గీసి, వెనకనున్న దృశ్యం నుంచి వేరుచేయడం అతని పని. సెకనుకు 24 ఫ్రేములు. "ఇప్పుడు కంప్యూటరు ఏదైనా చేస్తుంది కదా సార్, ఆ పాత సినిమాలో చూడ్డానికి ఏముంది?" అని ఒకరోజు అడిగాడు. మీలోనూ కొందరికి ఈ సందేహం రావచ్చు. అతనికి చెప్పిన జవాబే మీకూ చెబుతున్నాను.

కథ, నిర్మాణం

కథాకాలం 1910, స్థలం లండన్. బ్యాంకు ఉద్యోగి అయిన బ్యాంక్స్ గారికి ఇల్లు కూడా లెక్కల పుస్తకంలా క్రమంగా నడవాలి. ఆయన పిల్లలు జేన్, మైకేల్‌లను చూసుకోవడానికి వచ్చిన ఆయా మేరీ పాపిన్స్ (జూలీ ఆండ్రూస్). ఆమె స్నేహితుడు బర్ట్ (డిక్ వాన్ డైక్) కాలిబాట మీద సుద్దలతో బొమ్మలు గీస్తాడు. నలుగురూ ఆ బొమ్మలోకి దూకుతారు. ఇక అక్కడ పెంగ్విన్లు వడ్డన చేస్తాయి. రంగులరాట్నం గుర్రాలు రాట్నాన్ని వదిలి పరుగుతీస్తాయి.

దీన్నెలా తీశారు? నటులను తెల్లని తెర ముందు నిలబెట్టి, ఆ తెర మీద సోడియం దీపాల పసుపు కాంతి పరిచారు. కెమెరాలోని పట్టకం ఆ ఒక్క రంగును విడదీసి రెండో ఫిల్ము మీదికి పంపేది. దానివల్ల నటుడి ఆకారం విడిగా అచ్చుపడేది. ఆ అచ్చు సాయంతో నటుడి వెనక బొమ్మల లోకాన్ని చేర్చారు. పలుచని ముసుగు బట్టలాంటివి కూడా అంచు చెదరకుండా కనిపించడం ఈ పద్ధతి గొప్పతనం. చిత్రానికి వచ్చిన 5 ఆస్కార్లలో దృశ్య ప్రభావాలది ఒకటి.

నమ్మకం ఎక్కడిది?

అయితే యంత్రం అతుకు కనబడకుండా చేస్తుందే తప్ప నమ్మకం కలిగించదు. బర్ట్ పెంగ్విన్లతో కలిసి నాట్యం చేసే ఘట్టం మళ్లీ చూడండి. చిత్రీకరణ రోజున అక్కడ పెంగ్విన్లు లేవు, వాటిని తర్వాత గీశారు. అయినా వాన్ డైక్ చూపు సరిగ్గా పెంగ్విన్ ఎత్తులోనే వాలుతుంది. ప్యాంటు కిందికి జార్చుకుని వాటిలా పొట్టి కాళ్లతో నడుస్తాడు. లేనిదాన్ని ఆయన ముందు నమ్మాడు కాబట్టి మనం తర్వాత నమ్ముతాం.

'మాయాబజార్' పెళ్లి విందు ఘట్టంలోనూ ఇదే సూత్రం. లడ్డూలు వాటంతట అవే ఘటోత్కచుడి నోట్లోకి దూకడం మార్కస్ బార్‌ట్లీ కెమెరా పనితనం. కాని వాటి రుచి మనకు తెలిసేది ఎస్.వి. రంగారావు బుగ్గల్లో, కళ్లలో. 2010లో హైదరాబాదు సంస్థ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ఆ చిత్రానికి రంగులు అద్దింది. రంగు కొత్తది, రుచి 1957 నాటిదే.

మాయకు అర్థం

మంచి చిత్రంలో మాయ ఊరికే రాదు. 'మాయాబజార్'లో పీఠం ఎక్కిన శకుని తన నోటితోనే నిజం కక్కుతాడు. 'మేరీ పాపిన్స్'లో వాన పడగానే సుద్ద రంగులు కరిగిపోతాయి, బొమ్మల లోకం చెరిగిపోతుంది. పిల్లలు మళ్లీ అక్కడికి వెళ్లరు. చివరి ఆనందం వేరే దారిలో వస్తుంది. తండ్రి పాడైన గాలిపటాన్ని తన చేతులతో బాగుచేసి పిల్లల్ని ఎగరేయడానికి తీసుకెళతాడు. అక్కడ గీసిన బొమ్మ ఒక్కటీ లేదు, కాగితం, దారం, తండ్రి ఉన్నారు. బొమ్మల లోకం చూపించిన సంతోషాన్ని ఇల్లు తనంతట తాను సంపాదించుకుంది.

లోపాలూ చెప్పుకోవాలి. బొమ్మల భాగం ట్రావర్స్‌కు నచ్చలేదు. గుర్రప్పందెం దగ్గర సాగదీత ఉందని నాకూ అనిపిస్తుంది. అంతకన్నా పెద్ద అభ్యంతరం మరొకటి. స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడే తల్లి, చివర తన ఉద్యమ పట్టీని గాలిపటానికి తోకగా కట్టేస్తుంది. తండ్రి మారాడని సంతోషిస్తాం, మరి తల్లి తన పోరాటాన్ని వదులుకుందా? ఈ ప్రశ్నను చిత్రం దాటవేసింది. మీరు దాటవేయకండి.

సారాంశం

ఆ కుర్రవాడికి చివరికి ఇదే చెప్పాను: "నువ్వు గీసే అంచుకు ఒకపక్క మనిషి, ఇంకోపక్క ఊహ. ఆ రెండూ ఒకదాన్నొకటి నమ్మాయా లేదా అని చూడు. అరవై ఏళ్ల నాటి సినిమా అయినా, నిన్నటిదైనా కొలబద్ద అదే."

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. నటుడి చూపు మిశ్రమ చిత్రంలో ఎందుకు ముఖ్యం? ఒక ఘట్టంతో వివరించండి.
2. సుద్ద బొమ్మ, గాలిపటం: ఈ రెండింటి సంబంధాన్ని పది వాక్యాల్లో చర్చించండి.
3. తల్లి పాత్ర ముగింపుపై మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.