మనోళ్లకో రాత, పరాయోళ్లకో రాత

జగిత్యాల జిల్లా కథలాపూర్ మండలం మనిషి దుబాయ్‌లోనో సౌదీలోనో చనిపోతే మా జిల్లా పేజీలో వార్త ఎట్లా వస్తుందో ఇక్కడ అందరికీ తెలుసు. బొమ్మెన అనో కలికోట అనో ఊరి పేరు ఉంటుంది. మృతుడి పేరు, వయసు, వీసా కోసం చేసిన అప్పు, భార్యాపిల్లలు, శవం ఎప్పుడొస్తుందోనని ఇంటివాళ్ల ఎదురుచూపు, అన్నీ ఉంటాయి. ఉండాల్సిందే.

అదే, ఇక్కడి రైస్‌మిల్లులో బస్తాలు మోస్తూ బిహార్ హమాలీ కుప్పకూలితే ‘బిహార్ కూలీ మృతి’ అని నాలుగు లైన్లు. ఆయన ఊరేదో, జిల్లా ఏదో ఉండదు. ఆయనకూ అప్పులుంటాయి, శవం కోసం ఎదురుచూసే తల్లి ఉంటుంది. మండల వార్తలు రాస్తూ బతికినవాడిగా నాకు అర్థమైంది ఇది: వివక్ష హెడ్డింగు దాకా రాకముందే, మనం అడగకుండా వదిలేసిన ప్రశ్నల దగ్గరే మొదలవుతుంది.

సిరిసిల్ల కేసు గుర్తు చేసుకోండి. 2005లో దుబాయ్‌లో జరిగిన నేపాల్ వాచ్‌మన్ హత్య కేసులో సిరిసిల్ల ప్రాంతం వాళ్లు ఐదుగురు జైలుపాలయ్యారు. కేటీఆర్ చొరవతో మృతుడి కుటుంబానికి 15 లక్షల రూపాయల పరిహారం అందింది. 18 ఏళ్ల తర్వాత వాళ్లు విడతలవారీగా ఇల్లు చేరారు, కొందరు 2024 ఫిబ్రవరిలో. ఇన్నేళ్లలో మన పత్రికలు వాళ్లను ‘తెలంగాణ ముఠా’ అని రాసింది నేను చూడలేదు. భాష రాని దేశంలో పడ్డ తిప్పలు రాశాయి, ఇంటి దగ్గర తల్లుల కన్నీళ్లు రాశాయి. మంచి పని చేశాయి. కానీ చనిపోయిన ఆ మనిషి ఎక్కువ వార్తల్లో ‘నేపాలీ వాచ్‌మన్’గానే మిగిలాడు. హైదరాబాద్‌లో ఏ దొంగతనం కేసులోనైనా నేపాల్ పనివాళ్లు దొరికితే మాత్రం ‘నేపాలీ గ్యాంగ్’ అని పెద్దక్షరాల్లో వేస్తాం.

ఇది ఎట్లా జరుగుతుందో దగ్గరి నుంచి చూశాను. పోలీసుల ప్రెస్‌నోట్ వాట్సాప్ గ్రూపులో పడుతుంది. అందులో నిందితుడి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు వరుసగా ఉంటాయి. అచ్చయిన లైన్ల లెక్కన డబ్బులొచ్చే ‘లైన్ అకౌంట్’ మీద బతికే కంట్రిబ్యూటర్ దాన్ని అట్లాగే కొట్టి పంపుతాడు. ‘అన్నా, ఎక్కడోళ్లు?’ అని డెస్క్ నుంచి ఫోన్ వస్తుంది. సింగిల్ కాలమ్ హెడ్డింగులో తేలిగ్గా ఇమిడేది రాష్ట్రం పేరే కాబట్టి ‘బిహార్ ముఠా అరెస్ట్’ అయిపోతుంది. ఇందులో ఎవరికీ ఎవరి మీదా పగ లేదు. కానీ తెల్లారితే సిరికొండలో నాట్లు వేయడానికి దిగిన బిహార్ కూలీలకు గది అద్దెకివ్వడానికి ఇంటాయన వెనకాడతాడు. ఆ కూలీలు చేసిన తప్పేమిటి?

రాష్ట్రం పేరే కాదు, మతం పేరూ ఇట్లాగే అంటుకుంటుంది. 2020 మార్చిలో మత ప్రచారం కోసం కరీంనగర్ వచ్చిన ఇండోనేషియా వాళ్లకు కరోనా తేలింది. జాగ్రత్తల కోసం ఆ సమాచారం జనానికి చేరాల్సిందే. కానీ రోజుల్లోనే దేశమంతటా రోగం పేరు పక్కన మతం పేరు చేరింది. కేంద్ర ఆరోగ్య శాఖ ఏప్రిల్‌లో, ఏ వర్గం మీదా నింద మోపొద్దని సూచనలు ఇవ్వాల్సి వచ్చింది. ఢిల్లీలోని నిజాముద్దీన్ మర్కజ్‌కు వచ్చిన విదేశీయుల మీద కేసులను ఆగస్టు 21న బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులను చేశారని, పత్రికల్లో, టీవీల్లో పెద్ద ఎత్తున దుష్ప్రచారం జరిగిందని చెప్పింది. తీర్పు వార్త లోపలి పేజీల్లో ఎంతమంది చదివారు?

మనమూ ఒకచోట పరాయివాళ్లమే. 1960లలో ముంబైలో ‘మార్మిక్’ పత్రిక దక్షిణాది ఉద్యోగుల జాబితాలు అచ్చేసి, మరాఠీల కొలువులు వీళ్లే తింటున్నారని రెచ్చగొట్టింది. వాళ్లు ‘మద్రాసీ’లంటూ ఒకే గాటన కట్టిన వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. సిరిసిల్ల నేతన్నలు మగ్గాలు వెతుక్కుంటూ పోయిన భీవండి కూడా ఆ మహారాష్ట్రలోనే ఉంది.

కులం, మతం ప్రస్తావన ఒక వర్గాన్ని కించపరిచేలా ఉంటే మానుకోవాలని ప్రెస్ కౌన్సిల్ నియమావళి చెబుతోంది. నేను కొత్త విలేకరులకు చెప్పేది ఇంకా సులువు: వార్తలోంచి రాష్ట్రం, మతం, కులం తీసేసి చదవండి. అర్థమైతే అవి అక్కర్లేదు. వలస కూలీల జీతం ఎగ్గొట్టిన కాంట్రాక్టర్ వార్తలో వాళ్లెక్కడివాళ్లో తప్పక రాయాలి. భాష రాని చోట అడిగే దిక్కు లేదనే ఆ మోసం జరిగింది కాబట్టి.

హమాలీ చనిపోతే మేస్త్రీ దగ్గర ఇంటి నంబరు దొరుకుతుంది. హిందీ రాదనే సాకు మనకు చెల్లదు. గల్ఫ్‌లో ఏళ్లకేళ్లు ఉండి వచ్చినవాళ్లు మనలో ప్రతి ఊళ్లో ఉన్నారు, అడిగితే మాట్లాడిపెడతారు. గల్ఫ్ పత్రికలు మనవాళ్లను ‘ఆసియా వాసి’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే మనకు కడుపు మండుతుంది. ఆ మంట న్యాయమైనదే అయితే, జగిత్యాల పేజీలో బిహార్ మనిషి పేరు, ఊరు, ఇల్లు రేపటి నుంచే కనపడాలి.