బొమ్మ బాగా వచ్చినప్పుడే జాగ్రత్త

మూడు కిలోల పసికందుకు గుండె ఆపరేషన్ అంటే, సర్జన్ కత్తి పట్టకముందే అనస్థీషియా వాళ్లం ఒక పని చేస్తాం. సన్నటి ఎకో ప్రోబ్‌కు జెల్లీ రాసి, నోట్లోంచి అన్నవాహికలోకి దించుతాం. దాన్ని టీఈఈ అంటాం. అన్నవాహిక గుండెకు సరిగ్గా వెనక, ఎడమ కర్ణికను ఆనుకుని ఉంటుంది. ఊపిరితిత్తులు అడ్డురావు కాబట్టి లోపలి గదులు స్పష్టంగా కనిపిస్తాయి. సర్జన్ గుండెలో మూసిన రంధ్రం పక్కనుంచి రక్తం ఇంకా కారుతోందా, కవాటం సరిగ్గా మూసుకుంటోందా, గాలి బుడగలు మిగిలాయా అన్నది ఛాతీ కుట్టకముందే తేలిపోతుంది. లోపం కనిపిస్తే అప్పుడే మళ్లీ బైపాస్ యంత్రం మీదికి వెళ్లి సరిచేస్తారు. బిడ్డకు రెండో ఆపరేషన్ తప్పుతుంది.

ఎకోలో ఎక్స్‌రేలాగా రేడియేషన్ ఉండదు. మా భయమంతా ప్రోబ్ గురించే. పసిబిడ్డ ఛాతీలో అన్నవాహిక ముందు శ్వాసనాళం, ఎడమ శ్వాసగొట్టం, పక్కనే బృహద్ధమని, అన్నీ ఇరుకుగా ఉంటాయి. ఇప్పుడున్న అతి చిన్న ప్రోబ్‌ల కొన వెడల్పు సుమారు 7.5 మిల్లీమీటర్లు. వాటిని రెండున్నర కిలోల బిడ్డలకూ వాడుతున్నాం. అయినా ఆ ఛాతీకి అది పెద్ద వస్తువే.

ప్రోబ్ దిగుతుండగా వెంటిలేటర్‌లో ప్రెషర్ పెరుగుతుంది. లేదా చేతి ధమనిలో పెట్టిన లైన్ తాలూకు అల మానిటర్ మీద చదునుగా పడిపోతుంది. ఆ క్షణంలో ప్రోబ్‌ను కొంచెం వెనక్కి లాగితే అల మళ్లీ లేస్తుంది. ఏది నొక్కుకుపోయిందో తర్వాత ఆలోచించవచ్చు, ముందు లాగాలి. బొమ్మ బాగా వస్తున్నప్పుడే ప్రమాదం ఎక్కువని జూనియర్లకు పదేపదే చెబుతాను. కొనను ఇంకాస్త వంచితే కవాటం ఇంకా బాగా కనిపిస్తుందన్న ఆశతో కళ్లు ఎకో తెరకే అతుక్కుపోతాయి. వంచిన కొద్దీ కొన గట్టిగా ఒత్తుతుంది. చూడటం అయిపోగానే కొనను వదులుగా ఉంచి, స్కానింగ్ ఆపేయాలి. లేదంటే కొన వేడెక్కుతుంది.

ఊపిరితిత్తుల సిరలు ఎడమ కర్ణికలోకి రాకుండా, దాని వెనక ఒకచోట కలిసి వేరే దారి పట్టే జబ్బు ఒకటుంది. అవి కలిసే చోటు అన్నవాహికకు ఎదురుగానే ఉంటుంది. ప్రోబ్ దాన్ని నొక్కితే ఊపిరితిత్తుల నుంచి రక్తం రావడమే ఆగిపోవచ్చు. అలాంటి బిడ్డకు ఛాతీ తెరిచాక, సర్జన్ స్టెరైల్ కవర్ తొడిగిన వేరే ఎకో ప్రోబ్‌ను నేరుగా గుండె మీద ఆనించి చూడటమే మేలని నా అభిప్రాయం. ప్రోబ్ దిగడానికి మొరాయిస్తే ఎవరికైనా ఇదే దారి. బలవంతంగా తోస్తే అన్నవాహికకు చిల్లు పడవచ్చు. అది అరుదే గానీ ప్రాణం మీదికి తెస్తుంది.

గుండె జబ్బుతో పుట్టిన కొందరు పిల్లలకు అన్నవాహిక లోపాలు కూడా ఉంటాయి. అన్నవాహికకూ శ్వాసనాళానికీ మధ్య దారి ఉండి, దాన్ని సరిచేయకపోతే టీఈఈ అసలు చేయకూడదు. అందుకే తల్లిదండ్రులకు ఒక మాట: బిడ్డ పాలు తాగేటప్పుడు పొలమారుతున్నా, మింగలేకపోతున్నా, గొంతుకో అన్నవాహికకో ఇదివరకే ఆపరేషన్ జరిగినా, థియేటర్‌కు తీసుకెళ్లే ముందే అనస్థీషియా డాక్టరుకు చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి.