కింగ్ ప్రయామ్: తండ్రికీ రాజుకూ నడుమ

ఇరవయ్యవ శతాబ్దపు పాశ్చాత్య స్వరకర్తలు గ్రీకు పురాణగాథలను పదేపదే ఆశ్రయించారు. రిచర్డ్ స్ట్రౌస్ 'ఎలెక్ట్రా' (1909), స్ట్రావిన్‌స్కీ 'ఈడిపస్ రెక్స్' (1927) ఇందుకు ప్రసిద్ధ నిదర్శనాలు. ఆ కోవకే చెందిన ఆపెరా, అంటే ఆద్యంతం గానంతో నడిచే నాటకం, సర్ మైకేల్ టిప్పెట్ (1905-1998) రచించిన 'కింగ్ ప్రయామ్'. ట్రాయ్ యుద్ధాన్ని వర్ణించిన కృతులలో పెక్కింటికి కేంద్రం అకిలీస్ పరాక్రమమో, హెలెన్ సౌందర్యమో. టిప్పెట్ దృష్టి మాత్రం కుమారులనూ నగరాన్నీ చివరకు ప్రాణాన్నీ కోల్పోయిన ఒక వృద్ధరాజు మీద నిలిచింది. సంగీతంతోపాటు నాటకపాఠాన్ని కూడా ఆయనే స్వయంగా రచించుకున్నారు.

ఈ కృతి తొలి ప్రదర్శన జరిగిన సందర్భం గమనింపదగినది. 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ విమానదాడిలో ఇంగ్లండులోని కొవెంట్రీ నగరంతోపాటు దాని ప్రాచీన కెథీడ్రల్ కూడా ధ్వంసమైంది. కొత్త కెథీడ్రల్ ప్రతిష్ఠోత్సవాలలో భాగంగా 1962 మే 29న కొవెంట్రీ థియేటర్లో కొవెంట్ గార్డెన్ బృందం ఈ ఆపెరాను ప్రదర్శించింది. ఆ మరునాడే బెంజమిన్ బ్రిటెన్ 'వార్ రెక్వియమ్' కెథీడ్రల్‌లో వినిపించింది. టిప్పెట్ దృఢమైన శాంతివాది. యుద్ధసేవ నిరాకరించినవారికి ప్రభుత్వం విధించిన నిబంధనలను పాటించనందుకు 1943లో ఆయనకు మూడు నెలల కారాగారశిక్ష పడింది. అట్టి రచయిత నుండి యుద్ధాన్ని దుయ్యబట్టే ప్రబోధాన్ని ఎవరైనా ఆశిస్తారు. ఆయన ప్రబోధం చేయలేదు. ఒక ప్రశ్న వేశారు. మనిషి తీసుకొనే నిర్ణయానికి ఎవరు బాధ్యులు?

రాణి హెక్యూబాకు ఒక దుస్స్వప్నం వస్తుంది. శిశువు పారిస్ పెరిగి తండ్రి మరణానికి కారకుడవుతాడని ఒక వృద్ధుడు దాని అర్థం చెబుతాడు. శిశువును చంపవలసిందేనని తల్లి వెంటనే తేల్చిచెబుతుంది. ప్రయామ్ తటపటాయిస్తాడు. అతనిలోని తండ్రి వెనుకకు లాగుతాడు. రాజు ముందుకు నెడతాడు. చివరకు రాజే గెలిచి, ఒక యువ భటునికి ఆజ్ఞ ఇస్తాడు. భటుడు ఆ పని చేయలేక బిడ్డను గొల్లవానికి అప్పగిస్తాడు. ఏళ్లు గడచిన తరువాత వేటలో తారసపడిన బాలుడు తన పేరు పారిస్ అని చెప్పినపుడు, తన ఆజ్ఞ ఏదో విధంగా తప్పిపోవాలని లోలోపల ఆశించినట్లు ప్రయామ్ ఒప్పుకొని అతనిని స్వీకరిస్తాడు. ట్రాయ్ వినాశానికి బీజం ఆ ఆనందక్షణంలోనే పడింది.

ఇక్కడ తెలుగు పాఠకునికి ఆదిపర్వం స్ఫురించక మానదు. దుర్యోధనుడు పుట్టినపుడు దుర్నిమిత్తాలు చూసిన విదురుడు కులక్షేమం కోసం శిశువును త్యజించమని హితవు చెప్పాడు. పుత్రమోహితుడైన ధృతరాష్ట్రుడు వినలేదు. ఒకడు హితవును తోసిపుచ్చాడు. మరొకడు దానిని పాటించి, ఆపైన వెనుకకు తీసుకున్నాడు. ఇద్దరికీ దక్కినది కుమారుల శవాలే. అయినంత మాత్రాన భారాన్నంతా విధి మీదికి నెట్టివేయడానికి టిప్పెట్ అంగీకరించరు. సోది చెప్పినది భవిష్యత్తును మాత్రమే. ఆజ్ఞ ఇచ్చినది ప్రయామ్, స్వీకరించినది ప్రయామ్. ఈ రెండు క్షణాలలోనూ అతడు స్వతంత్రుడు. ఈ ఆపెరాలోని విషాదమంతా ఆ స్వాతంత్ర్యంలోనే ఉంది.

సంగీతరచన ఈ భావానికి అనుగుణంగా సాగింది. 1955లో ప్రదర్శితమైన తన 'ది మిడ్‌సమ్మర్ మ్యారేజ్'లోని సమృద్ధమైన నాదప్రవాహాన్ని టిప్పెట్ ఇక్కడ బుద్ధిపూర్వకంగా విడిచిపెట్టారు. వాద్యబృందం ముక్కలుగా విడిపోతుంది. హెక్యూబా వెంట వయొలిన్లు, ఆండ్రోమకీ వెంట చెల్లోలు నడుస్తాయి. పూర్తిగా పురుషపాత్రలదైన యుద్ధాంకంలో, అంటే రెండవ అంకంలో, తంత్రీవాద్యబృందం మౌనం వహిస్తుంది. ఆ కర్కశ వాతావరణంలో అకిలీస్ గుడారంలో ఒక్క గిటారు సహాయంతో స్వదేశాన్ని తలచుకొని పాడుతాడు. నరహంతకుని కంఠంలో ఇంటిబెంగ వినిపించడం ఈ కృతిలోని మహత్తర ఘట్టాలలో ఒకటి. మిత్రుడు పెట్రోక్లస్ హతుడైన తరువాత అదే కంఠం రణకేకగా మారి, విజయగీతం పాడుతున్న ట్రాయ్ రాజకుటుంబాన్ని నిశ్చేష్టులను చేస్తుంది. యుద్ధంపై ఇంతకు మించిన వ్యాఖ్యానం అక్కరలేదు.

అట్లని ఈ కృతి నిర్దుష్టమని చెప్పలేము. దృశ్యాల నడుమ వృద్ధుడు, దాది, యువ భటుడు వచ్చి చేసే వ్యాఖ్యానాలు కొన్నిచోట్ల ప్రేక్షకునికి అప్పటికే అర్థమైన విషయాన్ని మరల విప్పిచెబుతాయి. నాటకపాఠంలో కొన్ని పంక్తులు భావభారంతో బిగుసుకుపోయి, గానానికి లొంగవు. స్వరకర్తే కవి కూడా కావడం వల్ల కలిగిన లాభంతోపాటు నష్టమూ ఇది.

ఈ లోపాలన్నిటినీ మరపించేది మూడవ అంకంలోని గుడార దృశ్యం. హెక్టర్ శవాన్ని అడగడానికి ప్రయామ్ ఒంటరిగా శత్రువు వద్దకు వెళ్లి, కొడుకును చంపిన ఆ చేతులనే ముద్దాడుతాడు. ఇది హోమర్ 'ఇలియడ్' చివరి భాగం నుండి వచ్చిన ఘట్టం. స్త్రీపర్వంలో ధృతరాష్ట్రుడు కౌగిలికి పిలిచి, భీముడనుకొని ఇనుపప్రతిమను నుగ్గుచేసి, కోపం చల్లారిన పిదప విలపించాడు. రెండూ పుత్రశోకంలో నుండి పుట్టిన చేష్టలే. ఒకటి శోకం బాహుబలంగా మారినపుడు ఏమవుతుందో చూపుతుంది. మరొకటి అదే శోకం శత్రువులోనూ ఒక కుమారుణ్ణి గుర్తించగలదని చూపుతుంది. అకిలీస్ శవాన్ని అప్పగిస్తాడు. ఇద్దరూ కలిసి పానీయం సేవించి, తమకు రానున్న మరణాలను గురించి ప్రశాంతంగా మాట్లాడుకుంటారు.

ఆ సమాగమం యుద్ధాన్ని ఆపలేదు. ట్రాయ్ కాలిపోయింది, అకిలీస్ కుమారుడు నియోప్టోలెమస్ చేతిలో ప్రయామ్ మరణించాడు. కరుణ ఫలితాన్ని మార్చలేనపుడు దానికి విలువేమిటి? విమానదాడిలో కూలిన నగరంలోనే టిప్పెట్ ఈ ప్రశ్నను నిలబెట్టారు. రాజుగా ప్రయామ్ తీసుకున్న నిర్ణయాలన్నీ భయం నుండో, ఆశ నుండో పుట్టాయి. ఆ గుడారంలో అతడు చేసిన పనికి మాత్రం ఏ లెక్కా లేదు. ఈ కృతిలో అతడు రాజుగానూ తండ్రిగానూ ఏకమైన క్షణం అదొక్కటే.