బొంగురుపోయిన ఫోను

ఈ వారం నా ఒళ్లు మండించింది ఒక్క మాట. పిన్ని తన ఫోను పట్టుకుని వీధి చివర దుకాణానికి వెళ్తే, కౌంటర్ అవతలి కుర్రాడు ఒక పాట పెట్టి విని, "రింగర్ పోయిందండీ. మూడేళ్ల ఫోనుకు ఖర్చెందుకు? ఎక్స్ఛేంజ్‌లో వేసేసి కొత్తది తీసుకోండి" అన్నాడట. తెర మీద గీత లేదు. బ్యాటరీ సాయంత్రం దాకా వస్తోంది. కెమెరా బాగుంది. గొంతొక్కటి బొంగురుపోయిందని మనిషినే వదిలించుకోమన్నట్టుంది ఆ సలహా.

పిన్ని ఫోను చెవికి పెట్టుకునే మనిషి కాదు. వంటింటి గట్టు మీద ఉప్పు డబ్బాకు ఆనించి, స్పీకర్‌లో పెట్టి, కూర తరుక్కుంటూ మాట్లాడుతుంది. పొద్దున ప్రవచనం, మధ్యాహ్నం పాత పాటలు, రాత్రి డాలస్ నుంచి మనవడు. వాడు "అమ్మమ్మా" అంటే గరగర తప్ప పిలుపు వినబడటం లేదని ఆవిడ బాధ. "ఒరేయ్, పేపర్లో మిక్సీల గురించీ ఫ్యాన్ల గురించీ రాస్తావుగా, దీని సంగతి కూడా చూడు" అని నా చేతిలో పెట్టింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పట్టుదలలు కొత్త కాదు. మొదటిది, విప్పే ముందు వినాలి. ఫ్యాన్ కండెన్సర్ గురించి రాసినప్పుడూ ఇదే చెప్పాను, ఇప్పుడూ ఇదే చెబుతాను. ఫోనులో సాధారణంగా రెండు స్పీకర్లుంటాయి. పైన తెర అంచున ఉండేది ఇయర్ స్పీకరు. కింద ఛార్జింగ్ పిన్ను పక్కన జాలీ వెనక ఉండేది లౌడ్ స్పీకరు. మెకానిక్కులు దాన్నే రింగర్ అంటారు. పిన్నికి నేను ఫోను చేసి, ముందు చెవి దగ్గర పెట్టుకుని వినమన్నాను. మాట స్పష్టంగా ఉంది. స్పీకర్ నొక్కితే గరగర. ఇయర్‌ఫోన్ తగిలించి అదే పాట పెడితే మళ్లీ శుభ్రంగా ఉంది. అంటే నెట్‌వర్క్‌కూ, ఇయర్ స్పీకరుకూ ఏ లోపమూ లేదు. వాల్యూం సగానికి తగ్గిస్తే గరగర తగ్గుతోంది, పెంచితే తిరిగొస్తోంది. అది పొర దెబ్బతిన్న స్పీకరు లక్షణం. అసలు చప్పుడే రాకపోతే అనుమానం కాంటాక్టుల మీదికో, బోర్డు మీదికో పోయేది. ఇదంతా చెవి చేసిన పని. స్క్రూడ్రైవర్ ఇంకా పెట్టెలోనే ఉంది.

జాలీని కూడా ఒకసారి చూడాలి. కొన్ని ఫోన్ల బొంగురు అక్కడే తీరిపోతుంది. జాలీ వైపు కిందికి ఉండేలా పట్టుకుని, పొడి మెత్తని బ్రష్షుతో దులపాలి. గుండుసూది మాత్రం పెట్టకూడదు. జాలీ వెనక ఉన్నది వెంట్రుక మందం కూడా లేని ప్లాస్టిక్ పొర. సూది తగిలితే బాగున్న స్పీకరూ పోతుంది. పైగా పక్కనే ఉండే సన్నని రంధ్రం తరచూ మైకుది అవుతుంది. దులిపినా పిన్ని ఫోను మారలేదు. ఇక విప్పక తప్పదు.

స్పేర్ కోసం అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌కు వెళ్లాను. ఫోను పేరు చెబితే చాలదు, సెట్టింగ్స్‌లో ఉండే మోడల్ నంబరు కావాలి. ఒకే పేరుతో వచ్చిన ఫోన్లలో లోపలి ముక్కలు వేరువేరుగా ఉంటాయి. రింగర్ రెండొందల లోపే దొరికింది. మిగిలింది ఇంట్లో బల్ల, మంచి వెలుతురు, తొందర లేని ఒక మధ్యాహ్నం.

ఛార్జి పావు వంతుకు దిగేదాకా వాడి, స్విచ్ఛాఫ్ చేశాను. లిథియం బ్యాటరీలో ఛార్జి ఎంత తక్కువుంటే, పొరపాటున దెబ్బ తగిలినా ప్రమాదం అంత తగ్గుతుంది. సిమ్ ట్రే తీసి పక్కన పెట్టాను. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో వెనక మూత అంచుల్ని, చెయ్యి ఆనించగలిగినంత వేడి చేశాను. ఒక మూల సందు దొరికాక పల్చటి ప్లాస్టిక్ పిక్కు దూర్చి, బ్యాటరీ వైపు లోతుగా పోకుండా, అంచు వెంబడే నడిపించాను. మూత ఒక్కసారిగా లాగకూడదు. వేలిముద్ర సెన్సరు వెనక ఉన్న ఫోన్లలో దాని ఫ్లెక్స్ పట్టీ మూతనే అంటుకుని ఉంటుంది, లాగితే తెగుతుంది. తర్వాత పై ప్లాస్టిక్ కవచం స్క్రూలు తీసి, అన్నిటికన్నా ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాను. ఊడిన ప్రతి స్క్రూనూ, కాగితం మీద ఫోను బొమ్మ గీసి, అది ఉన్న చోటే పెట్టాను. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. పొడుగు స్క్రూను పొట్టి స్క్రూ చోట బిగిస్తే అడుగున ఉన్న బోర్డును గుచ్చేస్తుంది.

కింది కవచం లేస్తే రింగర్ దానితోపాటే వచ్చింది. టంకం లేదు, తీగల్లేవు. రెండు బంగారు రంగు చుక్కల మీద రెండు స్ప్రింగు కాంటాక్టులు ఆనడమే దాని అతుకు. వెలుతురుకు వంచి చూశాను. జాలీ లోపలి వైపున సన్నటి ఇనుప నలుసులు, గిన్నెలు తోమే స్టీలు పీచు తునకలు. స్పీకరులో అయస్కాంతం ఉంటుంది గనక వంటింట్లో పడుకునే ఫోను వాటిని లాక్కుంటుంది. పొర అంచున కనీకనపడని చీలిక. కొత్త రింగర్ కూర్చోబెట్టి, మూత అతికించకముందే బ్యాటరీ కలిపి పాట పెట్టాను. గొంతు తిరిగొచ్చింది.

అంతే. ఇక్కడే నా పాత కోపం పైకొచ్చింది. పాడైన ముక్క తీసి కొత్త ముక్క పెట్టడం రిపేరు ఎలా అవుతుంది? అందులో చేతి పనితనం ఏముంది? మిక్సీ కప్లర్ మీద రాసినప్పుడు కూడా ఈ ప్రశ్నే వేశాను, పాఠకులు చాలామంది నాతో ఏకీభవిస్తూ ఉత్తరాలు రాశారు. నాకా ప్రశ్న నేర్పింది తెనాలిలో మామయ్య రేడియో షాపు.

వేసవి సెలవుల్లో నేను ఆ షాపులోనే ఉండేవాణ్ణి. మర్ఫీలూ, బుష్‌లూ, ఫిలిప్స్‌లూ వెనక అట్టలు ఊడదీసుకుని వరసగా నిలబడి ఉండేవి. ఏదో ఒకటి విజయవాడ ఆకాశవాణిని అందుకుని సన్నగా పలుకుతూ ఉండేది. గరగరమనే రేడియో వస్తే మామయ్య ముందు స్పీకరు తీగలు విడదీసి, టార్చి లైటు సెల్లు ఒకటి తాకించేవాడు. టక్‌మని శబ్దం వస్తే కాయిల్ బతికున్నట్టు. తర్వాత రెండు బొటనవేళ్లతో కాగితం కోన్‌ను సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి, చెవి దగ్గరపెట్టి వినేవాడు. బరుకు వినిపిస్తే కాయిల్ పక్కకు జరిగి అయస్కాంతానికి రాసుకుంటున్నట్టు లెక్క.

అప్పుడు మొదలయ్యేది అసలు పని. కోన్ మధ్యలో ఉండే చిన్న టోపీ అంచుకు థిన్నర్ రాసి, మెత్తబడ్డాక బ్లేడుతో లేపేవాడు. పక్క ఫోటో స్టూడియోలో పారేసిన నెగటివ్‌లను సన్నటి పట్టీలుగా కత్తిరించి ఉంచుకునేవాడు. వాటిని కాయిల్‌కూ, మధ్య ఇనుప దిమ్మకూ నడుమ చుట్టూ ఒక్కొక్కటే దూర్చేవాడు. దాంతో కాయిల్ నట్టనడుమకు వచ్చి నిలిచేది. కాయిల్‌ను పట్టి ఉంచే డాంపర్ పాత గమ్ము కరిగించి, అదే స్థానంలో కొత్తగా అతికించి, రాత్రంతా ఆరనిచ్చేవాడు. మర్నాడు పొద్దున పట్టీలు లాగేసి, టోపీ మళ్లీ అతికించి, వేళ్లతో నొక్కి వినేవాడు. బరుకు పోయేది. కోన్ చిరిగితే గాలిపటం కాగితం ముక్క, దాని మీద పల్చగా గమ్ము. నేను ఉత్సాహంగా రెండు పూతలు పూయబోతే చెయ్యి పట్టుకుని ఆపేవాడు. "బరువు పెరిగితే సన్న గొంతులు పలకవురా, హరికథ వినేవాడు నిన్ను తిడతాడు" అనేవాడు.

ఆ షాపులో కూర్చుని పెరిగినవాడికి, స్ప్రింగు కాంటాక్టు మీద రింగర్ ఆనించడం పనిలా అనిపించకపోవడం సహజం. ఈ వారం కాలమ్ ఆ మాటే రాసి ముగిద్దామనుకున్నాను. కానీ మామయ్యను తలుచుకుంటూ కూర్చుంటే ఆ షాపులోని ఇంకో మూల గుర్తొచ్చింది.

అది మైకుసెట్ల మూల. పెళ్లిళ్ల రోజుల్లో, శ్రీరామనవమి పందిళ్లప్పుడు, చీకటి పడే వేళకు సైకిలు మీద రొప్పుతూ ఒకడొచ్చేవాడు. "యూనిట్ పోయిందండీ, ముహూర్తం దగ్గరపడింది." గుమ్మటం లాంటి హారన్ వెనక బిగించే ఆ యూనిట్‌ను మామయ్య అతికించేవాడు కాదు, గమ్ము డబ్బా ముట్టేవాడు కాదు. వెనక స్క్రూలు విప్పి, కాలిన డయాఫ్రం తీసి అవతల పడేసి, అయస్కాంతం సందులోని ఇనుప నలుసుల్ని అంటుకునే టేపుతో తీసి, అల్మరాలోంచి కొత్త డయాఫ్రం తెచ్చి కూర్చోబెట్టేవాడు. "హలో, హలో" అని ఒక్కసారి పలికించి పంపించేసేవాడు. ఆ రాత్రి పెళ్లి మంత్రాలు ఊరంతా వినిపించేవి. ఆ పనిని ఎవరూ తక్కువగా చూడలేదు, మామయ్యా చూడలేదు.

అదెలా కుదిరింది? అహూజా లాంటి కంపెనీలు యూనిట్‌తోపాటు డయాఫ్రంను విడిగా కూడా అమ్మేవి. యూనిట్‌ను ఎవరైనా విప్పగలిగే స్క్రూలతో బిగించేవి. ఏ భాగం ముందుగా అరుగుతుందో తయారుచేసేవాడికి తెలుసు, ఆ భాగానికి దారి వదిలిపెట్టాడు. కాగితం కోన్‌ను అతికించింది ఎంత రిపేరో, డయాఫ్రం మార్చింది కూడా అంతే రిపేరు. నా ఫిర్యాదు నాకు దాన్ని నేర్పిన షాపులోనే వీగిపోయింది.

1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ స్పీకరుకు ఇచ్చిన రూపమే ఇప్పటికీ నడుస్తోంది. అయస్కాంతం సందులో కాయిల్, కాయిల్‌కు అతుక్కున్న పొర. మర్ఫీ రేడియోలోనూ అదే, పిన్ని ఫోనులోనూ అదే. తేడా కొలతలో ఉంది. గోరంత పెట్టెలో ఆ పల్చటి పొర మీద ఒక్క చుక్క గమ్ము పెడితే దాని బరువుకే అది కదలలేదు. మామయ్య బతికుంటే ఆయనా కొత్తదే వేసేవాడు. కాబట్టి నేను పోట్లాడాల్సింది మార్చడం మీద కాదు, మార్చనివ్వకపోవడం మీద.

ఆ పోట్లాట వేరే చోట్ల ఇప్పటికే ఫలించింది. ఫ్రాన్సులో 2021 జనవరి నుంచి స్మార్ట్‌ఫోన్ అమ్మేవాళ్లు, అది ఎంత సులువుగా రిపేరవుతుందో పదికి మార్కులు వేసి చూపించాల్సి వచ్చింది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమలైన నిబంధన ప్రకారం, ఒక మోడల్ అమ్మకం ఆగాక కూడా కనీసం 7 ఏళ్లు విడిభాగాలు దొరకాలి. రిపేరు షాపులకు తప్పక అందాల్సిన విడిభాగాల జాబితాలో స్పీకరు ఉంది. నెదర్లాండ్స్‌లోని ఫెయిర్‌ఫోన్ అయితే వాడేవాళ్లే ఒక్క స్క్రూడ్రైవర్‌తో స్పీకరు మార్చుకునేలా ఫోను తయారుచేస్తోంది. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. ఫోన్లకూ, ఎలక్ట్రానిక్ వస్తువులకూ రిపేరు సూచిక ఎలా ఉండాలో చెబుతూ 2025 మేలో ఒక కమిటీ నివేదిక ఇచ్చింది. ఆ మార్కులు ఫోను పెట్టె మీద, ధర పక్కనే అచ్చయి రావాలి.

ఇక ఇంట్లో చేసుకోవాలా అంటారా? ప్లాస్టిక్ మూత, స్క్రూలు, స్ప్రింగు కాంటాక్టులు ఉన్న ఫోనయితే నిదానం ఉన్న ఎవరైనా చేసుకోవచ్చు. గాజు వెనకభాగం ఉండి, నీళ్లు దిగకుండా చుట్టూ జిగురు పట్టించిన ఫోను మాత్రం మెకానిక్‌కే ఇవ్వండి. అది మళ్లీ సరిగ్గా అతకడం వేరే పని. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే ఇంట్లో ముట్టనే వద్దు. మెకానిక్ దగ్గరికి వెళ్లినా ఏది పాడైందో మీరు విని వెళ్లండి. "ఇయర్ స్పీకరు బాగుంది, రింగర్ గరగరమంటోంది, జాలీ దులిపాను" అని చెప్పగలిగినవాళ్లకు కొత్త ఫోను అంటగట్టడం కష్టం.

కౌంటర్ అవతలి కుర్రాడి మీద నాకిప్పుడు కోపం లేదు. రింగర్ మారిస్తే వాడికి మిగిలేది టీ ఖర్చు, కొత్త ఫోను అమ్మితే వచ్చేది కమీషను. గంట సేపు వంగి కూర్చుని పనిచేసినవాడికి అడిగినంత ఇవ్వడానికి మనమే వెనకాడతాం. ఆ లెక్క మారాలంటే మనం అడిగే ప్రశ్న మారాలి. కొత్త ఫోను కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని ఎంత గట్టిగా అడుగుతామో, రింగర్ విడిగా దొరుకుతుందా, వెనక మూత ఎలా ఊడుతుంది అని కూడా అంతే గట్టిగా అడగాలి. దుకాణానికి వచ్చే పదిమందీ అదే అడిగితే ఆ కుర్రాడు కంపెనీవాళ్లను అడుగుతాడు. రిపేరు చేసినవాడికి మజూరీ ఇచ్చేటప్పుడు మాత్రం బేరం ఆడకండి.